గిద్యోను సైన్యాన్ని దేవుడు ఎందుకు తగ్గించాడు?

ఆమదాలవలస,
శ్రీకాకుళం జిల్లా

ప్రియమైన పిల్లలకు,

ప్రభువు నామంలో వందనాలు. బలవంతులు, చదువుకున్నవాళ్లు ఇంతమంది ఉండగా దేవుడు బలహీనుల్నే ఎందుకు పిలుస్తాడని సండే స్కూల్లో మీరు తరచూ అడుగుతుంటారు. ఈ ప్రశ్నకు, మిద్యానీయుల చేతిలోంచి ఇశ్రాయేలీయుల్ని విడిపించిన గిద్యోను చరిత్రలో దొరికినంత తేటైన జవాబు ఇంకెక్కడా లేదని నా నమ్మకం. బైబిల్లో న్యాయాధిపతులు 6, 7, 8 అధ్యాయాలు ఒకే బిగిన చదవండి.

దేవదూత వచ్చేసరికి గిద్యోను ద్రాక్షగానుగ చాటున గోధుమలు దుళ్లగొడుతున్నాడు. మన ఊళ్లలో కళ్లం ఎక్కడ వేస్తారు? గాలి బాగా ఆడే మెరక మీద. గాలి లేకపోతే తూర్పార పట్టినా పొల్లు పోదు, మళ్లీ గింజల్లోనే పడుతుంది. ద్రాక్షగానుగ రాతిలో తొలిచిన తొట్టి. అందులో పశువుల్ని తిప్పే చోటుండదు, గాలీ తగలదు. అయినా అక్కడే కొట్టుకుంటున్నాడంటే, మిద్యానీయులు పంట ఎత్తుకుపోతారన్న భయం. ఆ భయస్తుణ్ణే దూత "పరాక్రమంగల బలాఢ్యుడా" అని పిలిచాడు. మనష్షే గోత్రంలో తన కుటుంబం ఎన్నికలేనిదని, ఇంట్లో తనే చిన్నవాణ్ణని గిద్యోను చెప్పుకున్నాడు. దేవుడు ఆ మాట కాదనలేదు. నేను నీకు తోడుగా ఉంటానని మాత్రం అన్నాడు.

ఇక లెక్క చూడండి. 8:10 ప్రకారం శత్రువులు 1,35,000 మంది. గిద్యోను వెంట ఉన్నది 32,000. ఒక్కొక్కరికి నలుగురికి పైనే, అసలే చాలని సైన్యం. భయపడేవాళ్లు వెళ్లిపోవచ్చంటే 22,000 మంది వెళ్లిపోయారు. నీళ్ల దగ్గర ఎవరెలా తాగుతారో చూసే పరీక్ష అయ్యాక 300 మందే మిగిలారు. ఇప్పుడు ఒక్కొక్కరికి 450 మంది! చేత్తో నీళ్లు తీసుకుని గతికినవాళ్లు అప్రమత్తంగా ఉండే యోధులని, అందుకే దేవుడు వాళ్లను ఏరాడని ప్రసంగాల్లో వింటుంటాం. వాక్యంలో ఆ మాట లేదు. కారణం 7:2లో దేవుడే చెప్పాడు: మా బాహుబలమే మమ్మల్ని రక్షించిందని ఇశ్రాయేలీయులు అతిశయపడకూడదు. మేటి యోధుల్నే ఏరాడంటే ఆ కారణానికి అర్థమేముంది?

అంత జరిగినా గిద్యోనుకు భయం పోలేదు. దేవుడు గద్దించలేదు, శత్రువు దండులో ఒకడు చెబుతున్న కలను చాటుగా విననిచ్చాడు. ఒక యవల రొట్టె దొర్లుకుంటూ వచ్చి గుడారాన్ని పడగొట్టిందట. అది గిద్యోను ఖడ్గమేనని పక్కవాడు అర్థం చెప్పాడు. యవలు చవక ధాన్యం. 2 రాజులు 7:1లో సన్నని పిండి ఒక మానిక వచ్చే ధరకే యవలు రెండు మానికలు వస్తాయి. మేలైన పిండితో చేసిన రొట్టె కూడా కాదన్నమాట. దాడి రాత్రి 300 మందీ దివిటీలు దాచిన కుండల్ని పగలగొట్టారు. ఎడమచేతిలో దివిటీ, కుడిచేతిలో బూర. కత్తి పట్టడానికి చెయ్యి ఖాళీ లేదు. మిద్యానీయులు తమలో తామే నరుక్కున్నారు.

ఒక్క పొరపాటు చేయకండి. బలహీనత సాకు కాదు. తనది నోటి మాంద్యమని మోషే అన్నప్పుడు దేవుడు ఓపికగా జవాబిచ్చాడు. ఇంకెవరినైనా పంపమన్నప్పుడే ఆయనకు కోపం వచ్చింది (నిర్గమకాండం 4). పదో తరగతి పుస్తకాలు తెరవకుండా "నేను బలహీనుణ్ణి, దేవుడే చూసుకుంటాడు" అనేవాళ్లు ఆ అధ్యాయం చదవాలి. చదువుకున్నవాళ్లను దేవుడు తోసేయడు కూడా. పౌలు గమలీయేలు దగ్గర చదివినవాడు. ఆయన హెచ్చిపోకుండా దేవుడు శరీరంలో ముల్లులాంటి ఒక బాధ ఇచ్చి, తీసేయమని మూడుసార్లు వేడుకున్నా తీయలేదు. నా కృప నీకు చాలునన్నాడు.

మన వీబీఎస్ (వేసవి సెలవుల బైబిల్ బడి) పాఠాలు కుండలు పగలడంతో ఆగిపోతుంటాయి. అది నాకు చాలా బాధ. గిద్యోను తడబడింది గెలిచాకే. రాజరికం వద్దని సరిగ్గానే అన్నాడు. కానీ దోపుడు సొమ్ములోని పోగులు అడిగి తీసుకున్నాడు. 1,700 తులాలు (హెబ్రీ షెకెళ్లు), అంటే మన లెక్కలో దాదాపు 19 కిలోల బంగారం. దానితో ఏఫోదు (యాజకుడు తొడుక్కునే పై వస్త్రం) చేయించి సొంత ఊరు ఒఫ్రాలో ఉంచాడు. జనం దాన్ని పూజిస్తూ దాని వెంటపడ్డారు, అతని ఇంటికే అది ఉరి అయింది. గానుగ చాటున దాక్కున్న రోజుల్లో అతనికి ఆ ప్రమాదం లేదు.

వచ్చే ఆదివారానికి 1 సమూయేలు 15వ అధ్యాయం చదివి రండి. 17వ వచనంలో సమూయేలు సౌలుకు ఏం గుర్తుచేశాడో ఒక్కొక్కరూ మీ మాటల్లో రాసుకుని తేవాలి.

మీ తాతయ్య