బహుపదుల భాగహారం, ఘాతాంకాలు: అపోహలు - వాస్తవాలు

బహుపదుల భాగహారం తప్పినవాళ్లని అడిగితే, పద్ధతి గుర్తులేదు సార్ అంటారు. నేను పేపర్లు దిద్దుతాను కాబట్టి నమ్మను. మెట్లన్నీ వరుసగా వేసే ఉంటారు, తప్పు మాత్రం ఘాతాంకం దగ్గరో, వదిలేసిన ఖాళీ దగ్గరో దొరుకుతుంది.

అపోహ: x⁶ ÷ x² = x³

ఆరుని రెండుతో భాగించేశారన్నమాట. x⁶ అంటే ఆరు xల లబ్ధం. అందులో రెండు కొట్టేస్తే నాలుగు మిగులుతాయి, జవాబు x⁴. గుణకారంలో ఘాతాంకాలు కలుస్తాయి, భాగహారంలో తీసేస్తాం. కూడికకు ఇలాంటి సూత్రమేదీ లేదు. x³ + x² ని x⁵ అని రాసేవాళ్లు x బదులు 3 పెట్టి చూడండి: 27 + 9 = 36, కానీ 3⁵ = 243. ఇలా సరిచూసుకోవడానికి 0, 1 వాడొద్దు, వాటికి తప్పు సూత్రాలు కూడా నిజమైపోతుంటాయి. 2ని కూడా నేను నమ్మను. 2 + 2, 2 × 2 రెండూ నాలుగేగా!

అపోహ: సున్నా ఘాతం అంటే సున్నా, రుణ ఘాతం అంటే రుణ సంఖ్య

5³ ÷ 5³ చేస్తే 5⁰ వస్తుంది. ఒక సంఖ్యను దానితోనే భాగించాం కాబట్టి విలువ 1. అలాగే 5² ÷ 5⁵ = 5⁻³, అంటే 1/125. చిన్న సంఖ్యే గానీ ధన సంఖ్యే. రుణ గుర్తు గొడవ వేరేచోట ఉంది: (−2)⁴ = 16, −2⁴ = −16. బ్రాకెట్ చూడండి.

అపోహ: లేని పదాన్ని రాయనక్కర్లేదు

x³ − 1 ని x − 1 తో భాగించాలి. చాలామంది x³, −1 పక్కపక్కనే రాసి మొదలెడతారు, రెండో మెట్టులోనే నిలువు వరుసలు కలిసిపోతాయి. x³ + 0x² + 0x − 1 అని రాయాలి. వెయ్యిన్నొకటిని 11 అని రాయం కదా, ఇదీ అంతే. భాగఫలం x² + x + 1 వస్తుంది. x = 10 అనుకుంటే ఇది 999 ÷ 9 = 111. చిన్నప్పుడు నేర్చిన భాగహారమే, స్థానాల బదులు ఘాతాలు వచ్చాయి. 12వ శతాబ్దంలోనే అల్ సమావల్ అనే గణిత శాస్త్రజ్ఞుడు ఒక్కో ఘాతానికి ఒక్కో గడి కేటాయించి, గుణకాలను (x ఘాతాల ముందుండే సంఖ్యలను) పట్టికలో రాసి బహుపదులను భాగించాడు.

అపోహ: శేషం భాజకం కన్నా చిన్న సంఖ్యగా ఉండాలి

సంఖ్యలతో పోలిక ఇక్కడ ఆగిపోతుంది. x² + 3x + 40 ని x + 1 తో భాగిస్తే భాగఫలం x + 2, శేషం 38. x = 10 పెడితే 170 = 11 × 12 + 38. సమానత్వం నిజమే. కానీ మామూలు లెక్కలో 170 ÷ 11 కి భాగఫలం 15, శేషం 5. బహుపదుల్లో శేషం విలువ ఎంతైనా ఉండొచ్చు, దాని పరిమాణం (అందులో x కి ఉన్న అత్యధిక ఘాతాంకం) మాత్రం భాజకం పరిమాణం కన్నా తక్కువుండాలి. శేషం సున్నా అయితే ఇక గొడవే లేదు. ఇది తెలియని పిల్లలు 38 చూసి, ఇంకా భాగించాలేమోనని టెన్షన్ పడతారు. శేషం సరిచూడాలంటే శేష సిద్ధాంతం ఉంది, భాజకాన్ని సున్నా చేసే x విలువను భాజ్యంలో పెడితే వచ్చేదే శేషం: x = −1 పెట్టండి, 1 − 3 + 40 = 38. భాజకం x + 1 అయితే పెట్టాల్సింది −1. ఇక్కడ 1 పెట్టేవాళ్లకు కొదవలేదు.

అపోహ: సింథటిక్ డివిజన్ వస్తే చాలు

సింథటిక్ డివిజన్ అంటే xలు రాయకుండా గుణకాలతోనే చేసే పొట్టి భాగహారం. మనం నేర్పే పద్ధతి మొదటి పరిమాణం భాజకాలకే. 2x − 1 లాంటిది వస్తే ఇంకో జాగ్రత్త కావాలి. 4x² + 2x + 3 ని దానితో భాగించడానికి 1/2 తీసుకుంటే కింది వరుసలో 4, 4, 5 వస్తాయి. పిల్లలు భాగఫలం 4x + 4 అని రాసేస్తారు. అది x − 1/2 తో భాగించినప్పటిది. 2తో భాగించి 2x + 2 అనాలి. శేషాన్ని మాత్రం ముట్టుకోకూడదు, అది 5 గానే ఉంటుంది.

అపోహ: పైనా కిందా x ఉంటే కొట్టేయొచ్చు

(x + 6)/x లో x కొట్టేసి 6 అనడం కుదరదు. కొట్టివేత కారణాంకాలకే, కూడికలోని పదాలకు కాదు. ఇది 1 + 6/x. సరిగ్గా కొట్టేసినా ఒక మాట రాయాలి: (x² − 4)/(x − 2) = x + 2, x విలువ 2 కానప్పుడు మాత్రమే.