ఫెల్ట్ టోపీ: ఆవిరి, దిమ్మె, చేతి అంచనా

చేత్తో చేసిన మంచి ఫెల్ట్ టోపీలో నేత ఉండదు, అతుకూ ఉండదు. నడినెత్తి నుంచి అంచు చివరి దాకా అంతా ఒకటే ముక్క. నూలు వడకలేదు, మగ్గం ఎక్కించలేదు. విడివిడి వెంట్రుకలు ఒకదాన్నొకటి పెనవేసుకుని బట్టగా మారాయి.

ఆ పెనవేతకు మూలం వెంట్రుక పైపొరలో ఉంది. గొర్రె ఉన్ని అయినా, కుందేలు నూగు అయినా, వెంట్రుక నిండా సన్నని పొలుసులు ఉంటాయి. అవన్నీ కొన వైపే వాలి ఉంటాయి. అందుకే మొదలు నుంచి కొనకు నిమిరితే వేలు జారుతుంది, ఎదురు నిమిరితే పట్టేస్తుంది. వేడి నీళ్లలో తడిపి నలిపితే ప్రతి వెంట్రుకా మొదలు వైపుకే పాకుతుంది, వెనక్కి రాలేదు. నలిపేకొద్దీ చిక్కు బిగుస్తుంది. తడి, వేడి, ఒత్తిడి, కదలిక అన్నీ కలిస్తేనే ఈ పని జరుగుతుంది.

మేలైన టోపీలకు వాడేది బీవర్, కుందేలు వంటి జంతువుల చర్మాన్ని అంటిపెట్టుకుని ఉండే మెత్తటి నూగు. పైన పొడవుగా ఉండే ముతక వెంట్రుకలను ముందే ఏరేయాలి. అవి పెనవేసుకోవు. మిగిలిపోతే తయారైన టోపీ మీద ముళ్లలా పైకి లేస్తాయి. కుందేలు నూగుతో ఇంకో చిక్కు ఉంది: దాని పొలుసులు అంత సులువుగా పట్టుకోవు. పూర్వం దీనికి మందుగా పాదరసాన్ని నత్రికామ్లంలో కరిగించి బొచ్చుకు పూసేవారు. వెంట్రుకలోని గంధకపు బంధాలు తెగి, కొనలు మెలితిరిగి, పొలుసులు విచ్చుకునేవి. కానీ ఆ బొచ్చును ఆరబెట్టినప్పుడూ, ఆ తర్వాత వేడి తగిలిన ప్రతి దశలోనూ పాదరసం ఆవిరై పనివాళ్ల ఊపిరితిత్తుల్లోకి చేరేది. చేతులు వణికేవి, చిగుళ్లు పాడయ్యేవి, మనుషులు బిడియంగా, చిరాగ్గా మారిపోయేవారు. అమెరికాలో టోపీల పరిశ్రమకు కేంద్రమైన డాన్‌బరీలో ఈ వణుకుకు ఆ ఊరి పేరే పెట్టారు. న్యూజెర్సీ వైద్యుడు ఫ్రీమన్ తన రాష్ట్రంలోని టోపీ కార్మికుల జబ్బును 1860లోనే వైద్య పత్రికలో వివరించినా, ఆ దేశంలో ఈ వాడకం ఆగింది 1941లో. దాని స్థానంలోకి హైడ్రోజన్ పెరాక్సైడ్, ఆమ్లాల మిశ్రమం వచ్చింది. ఏ దశ ఏ పని చేస్తుందో తెలిస్తేనే దేన్ని మార్చవచ్చో, దేన్ని మార్చకూడదో తేల్చగలం. చేతివృత్తిని నిలబెట్టడానికి ఈ ఎరుక అన్నిటికంటే ముఖ్యం.

సిద్ధమైన నూగును పాతకాలంలో దూది ఏకే విల్లు లాంటి పెద్ద విల్లుతో చెదరగొట్టి పలచటి పరుపుగా పరిచేవారు. అలాంటి రెండు పరుపులను అంచుల దగ్గర కలిపితే శంకువు వస్తుంది. ఆ అంచులను ముందే పలచన చేయకపోతే కలిపిన చోట గట్టు కట్టి, రంగు వేశాక చారలా కనిపిస్తుంది. మొదట ఈ శంకువు చాలా పెద్దగా ఉంటుంది. వేడి ఆమ్లజలంలో ముంచుతూ, చుట్టి నలుపుతూ, ప్రతిసారీ మడత మారుస్తూ సగానికి, ఇంకా చిన్నదానికి కుదించాలి. తొందరపడి ముందే ఆపితే ఫెల్ట్ వదులుగా మిగిలి, మొదటి వానకే టోపీ ఆకారం కోల్పోతుంది. మడత మార్చకపోతే అక్కడ గీత పడి ఎప్పటికీ పోదు. ఎప్పుడు ఆపాలో వేళ్లే చెప్పాలి.

బిగువు కోసం లక్క పట్టిస్తారు. అంచుకు ఎక్కువ, నెత్తి భాగానికి తక్కువ. లక్క మరీ ఎక్కువైతే ఆవిరి పట్టినప్పుడు పైకి తేలి తెల్లటి మచ్చలు, మెరుపు కనిపిస్తాయి.

తర్వాత అచ్చు పని. శంకువు పూర్తిగా మెత్తబడేదాకా ఆవిరి పట్టి, చెక్క దిమ్మె మీదకు రెండు చేతులతో చుట్టూ సమానంగా లాగాలి. ఆవిరి చాలకుండా లాగితే నడినెత్తి పలచబడి చిరుగుతుంది. నెత్తీ అంచూ కలిసే చోట తాడు బిగించి, దిమ్మె మీదే పూర్తిగా ఆరనివ్వాలి. లోపల తడి ఉండగానే తీస్తే టోపీ ముడుచుకుపోయి కొలత తప్పుతుంది. ఆరాక ఉప్పుకాగితంతో నూగు సరిచేసి, అంచు కోసి, లోపల తోలు పట్టీ కుడతారు. బయటి రిబ్బను నూలు లేదా విస్కోస్‌ది కావాలి. ఇస్త్రీ పెట్టె కింద వంపు తీసుకునేది అదే, పాలిస్టర్‌ది మొండికేస్తుంది.

ఈ మొత్తం గొలుసులో ఇప్పుడు బలహీనమైన లంకె దిమ్మెలు చెక్కేవాళ్లు. దిమ్మెకు ఆల్డర్, పాప్లర్ వంటి కర్ర కావాలి: ఆవిరికి పగలకూడదు, గుండుసూది దిగాలి. నెత్తి భాగం కింద సన్నగా, పైన వెడల్పుగా ఉండే టోపీకైతే దిమ్మెను ముక్కలుగా చెక్కుతారు. నడిమి ముక్క ముందు లాగితే మిగిలినవి ఒక్కొక్కటిగా ఊడివస్తాయి. బ్రిటన్‌లో హెరిటేజ్ క్రాఫ్ట్స్ సంస్థ అంతరించే ముప్పున్న చేతివృత్తుల జాబితాలో దిమ్మెల తయారీని చేర్చింది. దిమ్మె లేకపోతే ఎంత నేర్పరి అయినా చేసేదేమీ లేదు.

ఇంగ్లండ్‌లోని స్టాక్‌పోర్ట్, ఫ్రాన్స్‌లోని షాజెల్-సుర్-లియోన్, పోర్చుగల్‌లోని సావో జువావో ద మదైరా ఊళ్లలోని టోపీ మ్యూజియాలు పనిముట్లనూ యంత్రాలనూ దాచాయి. ఇది గొప్ప సేవే. కానీ పనిముట్టుతో పాటు నీళ్ల వేడి, ఆమ్లం పాళ్లు, ఏ దశలో ఎంత కుదించాలో కూడా రాసి ఉంచాలి, చేస్తున్న చేతులను వీడియో తీయాలి. అద్దాల పెట్టెలో ఉన్న దిమ్మె ఇవేవీ చెప్పదు.

పాత టోపీలు దాచుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. పాదరసం వాడిన కాలంలో తయారైన ఫెల్ట్‌లో అది ఇప్పటికీ ఉండవచ్చు. అలాంటి టోపీని ఆవిరి పట్టి సరిచేయకూడదు, చేతి తొడుగులు లేకుండా తాకకూడదు. కొత్త టోపీకైతే భయం బట్టల చిమ్మటతోనూ వేడితోనూ. చిమ్మట పురుగు వెంట్రుకల్లో ఉండే కెరటిన్ అనే ప్రోటీన్‌ను తిని బతుకుతుంది కాబట్టి మెత్తటి బ్రష్‌తో తరచూ దులపాలి. ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే తోలు పట్టీ ముడుచుకుని టోపీ బిగుతవుతుంది.