తరువాత ఏ పుస్తకం చదవాలి? కొన్ని అపోహలు, వాస్తవాలు

పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు పాఠకులు గ్రంథపాలకులను తరచుగా అడిగే ప్రశ్న, "ఇక ఏది చదవమంటారు?" అన్నదే. జవాబు చెప్పే ముందు వారిలో స్థిరపడిన కొన్ని నమ్మకాలను సడలించవలసి వస్తుంది.

అపోహ: నచ్చిన పుస్తకం ఏ కోవకు చెందినదో, ఆ కోవలోనే మరొకటి తీసుకుంటే చాలు.

వాస్తవం: ఒకే అపరాధ పరిశోధక నవల ఒకరికి కథనంలోని వేగం వల్ల, మరొకరికి పరిశోధకుడి ఒంటరితనాన్ని చిత్రించిన తీరు వల్ల నచ్చి ఉండవచ్చు. మొదటివారికి సాహసయాత్రా గ్రంథం, రెండవవారికి నింపాదిగా సాగే ఆత్మకథ నచ్చే అవకాశం మరో డిటెక్టివ్ నవలకు ఉన్నంతగానూ ఉంటుంది. పుస్తకాలు సూచించే పద్ధతిపై విస్తృతంగా రాసిన గ్రంథపాలకురాలు జాయిస్ సారిక్స్ అందుకే కథన వేగం, పాత్రచిత్రణ, కథాగమనం, నేపథ్యం వంటి ఆకర్షణ అంశాలను విడివిడిగా గమనించమన్నారు. "మీకు ఎలాంటి పుస్తకాలు ఇష్టం?" అని అడిగితే తడబడేవారు కూడా, ఈ మధ్య నచ్చిన ఒక పుస్తకం గురించి చెప్పమంటే ఈ అంశాలన్నీ తమకు తెలియకుండానే బయటపెడతారు.

అపోహ: బహుమతి పొందిన రచయిత పుస్తకం ఏదైనా నిశ్చింతగా ఎంచుకోవచ్చు.

వాస్తవం: బుకర్ బహుమతి ఒక నవలకు ఇచ్చేది, నోబెల్ సాహిత్య బహుమతి సాధారణంగా రచయిత మొత్తం కృషికి ఇచ్చేది. కాబట్టి ఏ పుస్తకంతో మొదలుపెట్టాలో నోబెల్ ప్రకటన చెప్పదు.

అపోహ: మొదలుపెట్టిన పుస్తకాన్ని పూర్తిచేసి తీరాలి.

వాస్తవం: అమెరికన్ గ్రంథపాలకురాలు నాన్సీ పర్ల్ 50 పేజీలు చదివి నిర్ణయించుకోమన్నారు, వయస్సు 50 దాటినవారు 100 నుంచి తమ వయస్సును తీసివేసి, మిగిలినన్ని పేజీలు చదివితే చాలన్నారు. అంటే డెబ్భై ఏళ్లవారికి 30 పేజీలు. పాత్రల పరిచయానికే వంద పేజీలు తీసుకునే బృహన్నవలల విషయంలో మాత్రం ఈ లెక్క అన్యాయమే అవుతుందని నా అభిప్రాయం.

అపోహ: ఆన్‌లైన్ సిఫారసులు ఉండగా అల్మరాల మధ్య వెతకడం వృథా.

వాస్తవం: ఆ సిఫారసులు చాలావరకు ఇతరుల ఎంపికల మీద ఆధారపడతాయి కనుక, ఎక్కువమంది చదివినవే మళ్లీ మళ్లీ పైకి వస్తాయి. "ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు" అన్నది భారతీయ గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో వెలువరించిన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాలలో మూడవది. పాఠకులు స్వయంగా అల్మరాల దగ్గరికి వెళ్లగలగాలన్న వాదనకు అది బలమైన ఆధారం. వర్గీకరణ వల్ల ఒకే విషయానికి చెందిన పుస్తకాలు పక్కపక్కన చేరతాయి. చరిత్రో విజ్ఞానశాస్త్రమో చదివినవారు ఆ పుస్తకానికి అటూ ఇటూ ఉన్న నాలుగైదు తీసి విషయసూచిక చూడవచ్చు. నవలలను సాధారణంగా రచయితల పేర్ల క్రమంలో అమర్చుతారు కనుక అక్కడ ఈ ఉపాయం అంతగా పనిచేయదు.