గంగదేవిపల్లి: శివారు పల్లె నుంచి సొంత పంచాయతీ దాకా

తెలంగాణలో 2018లో తండాలు, గూడేలు, శివారు పల్లెలు వేల సంఖ్యలో కొత్త పంచాయతీలయ్యాయి. రాష్ట్రంలో పంచాయతీల సంఖ్య 12,700 దాటింది. ఇంత చిన్న ఊళ్లు తమ పనులు తాము చేసుకోగలవా, నల్లా నీళ్లకూ వీధి దీపాలకూ డబ్బు ఎక్కడినుంచి వస్తుందనే సందేహం అప్పటి నుంచీ ఉంది. దానికి జవాబు వెతికేవాళ్లు ముందు వరంగల్ జిల్లా గీసుగొండ మండలంలోని గంగదేవిపల్లి చరిత్ర చూడాలి.

ఇది ఒకప్పుడు మచ్చాపూర్ పంచాయతీ కింద ఉన్న శివారు పల్లె. పెద్ద ఊరి అవసరాలు తీరాకే శివారు వంతు వస్తుందన్నది పల్లెల్లో పుట్టిపెరిగిన ఎవరికైనా తెలిసిన సంగతే. గంగదేవిపల్లి విషయంలో నాకు ముఖ్యంగా కనిపించేది ఏమిటంటే, అక్కడ మార్పు నిధులతో మొదలవ్వలేదు. 1982లో ఊరంతా కూర్చుని మద్యం మానేయాలని కట్టుబాటు చేసుకున్నారు. అప్పటికి సొంత పంచాయతీ లేదు, సర్కారు పథకమేదీ దాని వెనక లేదు. పదిమందీ ఒక మాట మీద నిలబడే అలవాటు అక్కడ పడింది. ఆ తర్వాత వచ్చిన సౌకర్యాలన్నిటికీ పునాది అదే.

1994లో మచ్చాపూర్ నుంచి విడిపోయి సొంత పంచాయతీ అయింది. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, దాన్ని అనుసరించి ఉమ్మడి రాష్ట్రం తెచ్చిన 1994 పంచాయతీరాజ్ చట్టం అప్పుడే అమల్లోకి వస్తున్నాయి. ఆ చట్టం మహిళలకు మూడో వంతు స్థానాలు కేటాయిస్తే, గంగదేవిపల్లి మొదటి ఎన్నికల్లో పాలకవర్గం మొత్తాన్నీ మహిళలకే అప్పగించింది. ఈ సంగతికి రావలసినంత పేరు రాలేదు. ఊరి గురించి రాసిన చాలా కథనాలు, తర్వాత సర్పంచ్‌గా చేసిన కూసం రాజమౌళి దగ్గరే ఆగిపోతాయి. ఆయన కృషి పెద్దదే, కాదనను. కానీ పంచాయతీకి తొలి అడుగులు నేర్పింది ఆ ఆడవాళ్లే.

నీళ్ల కథ కూడా ఆ రోజులదే. బాల వికాస అనే స్వచ్ఛంద సంస్థ మంచినీటి ట్యాంకు కట్టడానికి ముందుకొచ్చినప్పుడు ఊరివాళ్లు తమ వాటా చందా వేసుకున్నారు. ఇంటింటికీ నల్లా వచ్చాక దాని నిర్వహణ నీటి కమిటీ చేతిలోకి వెళ్లింది. ఎవరో కట్టించి ఇచ్చిన ట్యాంకు పాడైతే ఎవరూ పట్టించుకోరు. మన డబ్బు పడిన ట్యాంకు మోటారు కాలిపోతే సాయంత్రానికల్లా మెకానిక్ వస్తాడు. తర్వాత శుద్ధి నీటి ప్లాంటు కూడా ఇదే పద్ధతిలో నడిచింది.

చదువు, ఆరోగ్యం, పారిశుద్ధ్యం, వీధి దీపాలు, ఇలా పనికో కమిటీ చొప్పున ఇరవైకి పైగా ఏర్పడ్డాయి. ఇంటి పన్ను బకాయి లేకుండా వసూలవుతుంది. ఇంటింటా మరుగుదొడ్డి కట్టుకున్నందుకు 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం అందింది. 2015 ఆగస్టు 17న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ పల్లెల అభివృద్ధి కోసం తెచ్చిన గ్రామజ్యోతి కార్యక్రమాన్ని ఇక్కడే ప్రారంభించి, ఊరిని దత్తత తీసుకుంటున్నట్టు ప్రకటించారు. ఆ వేదిక మీదికి ఊరు చేరడానికి మద్యం కట్టుబాటు నుంచి లెక్కేస్తే 33 ఏళ్లు పట్టింది.

కొత్త పంచాయతీలను అంచనా వేసేటప్పుడు ఈ కాలాన్ని గుర్తుపెట్టుకోవాలి. ఐదేళ్లకే తండా పంచాయతీ విఫలమైందని తీర్పు చెప్పడం అన్యాయం. అలాగని చందాలతోనే అన్నీ నెట్టుకురమ్మనడమూ కుదరదు. భవనం, కార్యదర్శి, సకాలంలో నిధులు, ఇవి ప్రభుత్వం ఇచ్చి తీరాల్సినవి.