ఏడు లీటర్ల చన్నీళ్ల తర్వాత

జనవరి తెల్లవారుజామున హనుమకొండలో నల్లా కింద బకెట్టు పెట్టి నిలబడితే, చలి సంగతి ముందు అరికాళ్లకు తెలుస్తుంది. డాబా మీద సోలార్ హీటరు ట్యాంకులో నిన్నటి ఎండకు కాగిన నీళ్లు ఇంకా వేడిగానే ఉంటాయి. కింది అంతస్తులో నల్లా తిప్పితే మాత్రం చన్నీళ్లు. ఒకరోజు ఓపిక పట్టి కొలిచాను. చేతికి వేడి తగిలేసరికి బకెట్టులో ఏడు లీటర్లు పడ్డాయి.

వేడినీళ్లకు వాడే ముప్పావు అంగుళం సీపీవీసీ ప్లాస్టిక్ పైపు లోపలి వ్యాసం సుమారు 18 మిల్లీమీటర్లు. అంటే మీటరు పొడవులో పావు లీటరు నీళ్లు పడతాయి. ట్యాంకు నుంచి మా స్నానాలగదికి పైపు 24 మీటర్లు. ఆరు లీటర్ల లెక్క అక్కడే తేలింది. ఏడో లీటరు, చల్లబడ్డ పైపు గోడకు వేడినీళ్లు దారిలో కట్టిన కప్పం.

"ఫోమ్ గొట్టం తొడిగించండి సార్, తెల్లారేదాకా చల్లారవు" అన్నాడు ప్లంబరు. తొడిగించాను. అతని మాటలో సగమే నిజమని తర్వాత లెక్క వేసుకుంటే తెలిసింది. ఏమీ చుట్టని పైపులో నిలిచిన నీటికీ బయటి గాలికీ మధ్య ఉన్న తేడా ఇరవై నిమిషాల్లో ఇంచుమించు సగానికి పడిపోతుంది. అర అంగుళం మందం ఫోమ్ తొడిగితే అదే సగం కావడానికి గంట దాకా పడుతుంది. కానీ రాత్రి పదింటికి కట్టేసిన నల్లాను పొద్దున ఐదింటికి తిప్పితే మధ్యలో ఏడు గంటలు గడిచాయి. రెండు పైపులూ చల్లారిపోయే ఉంటాయి. ఫోమ్ మేలు చేసేది మొదట స్నానానికి వెళ్లేవారికి కాదు, వారి వెనక అరగంటకు వెళ్లేవారికి. మా ఇంట్లో మొదట వెళ్లేది నాన్న కాబట్టి ఈ సంగతి ఆయనకు ఇంకా చెప్పలేదు.

డాబా మీది పైపుకు మరో శత్రువు ఉంది. మబ్బు లేని రాత్రి స్కూటరు సీటు మీద మంచు పడుతుంది కదా. సీటు తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చుట్టూ ఉన్న గాలికంటే ఎక్కువ చల్లబడటమే అందుకు కారణం. ఆరుబయట పరిచిన పైపుకూ అదే గతి. ఫోమ్ తొడిగినా దానిపైన అల్యూమినియం టేపు చుట్టకపోతే మన ఎండలకు అది పెళుసెక్కి రాలిపోతుంది.

ఈ నిరీక్షణే వద్దనుకునేవారు నల్లా దగ్గర్నుంచి ట్యాంకుకు తిరుగు పైపు వేసి, చిన్న పంపుతో వేడినీటిని ఎప్పుడూ తిప్పుతూ ఉంటారు. పంపు తినే కరెంటు కొంచెమే, అసలు నష్టం పైపు దగ్గర. 60 డిగ్రీల నీళ్లు పారే, ఫోమ్ లేని పైపు చలికాలంలో మీటరుకు సుమారు 25 వాట్లు పోగొడుతుంది. 24 మీటర్లకు 600 వాట్లు, రోజంతా తిప్పితే 14 యూనిట్లు. తిరుగు పైపు నష్టం ఇంకా కలపలేదు. 200 లీటర్ల నీటిని 25 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి పట్టే వేడి ఎనిమిది యూనిట్లే! ఎవరూ స్నానం చేయకుండానే ట్యాంకు చల్లారుతుందన్నమాట. ఫోమ్ తొడిగినా ఆరు యూనిట్ల దాకా పోతాయి.

అందుకే నా ఓటు బటన్ పంపుకు. స్నానానికి ముందు నొక్కితే అది చల్లారిన నీటిని ట్యాంకుకు తిప్పి పంపుతుంది. నల్లా దగ్గరి సెన్సరుకు వేడి తగలగానే ఆగిపోతుంది. నిమిషమో, ఒకటిన్నర నిమిషమో పని.

గీజరు కింద ఉండి పైపులు అటక మీదుగానో ఫాల్స్ సీలింగు పైనుంచో పోయే ఇళ్లలో రెండు చిక్కులుంటాయి. వేడినీళ్లు తేలిక కాబట్టి పైకెక్కి, అక్కడ చల్లారి బరువెక్కి, పంపు ఆగినా తిరుగు పైపులో దిగుతూ రాత్రంతా తమంతట తామే తిరుగుతాయి. దీన్ని ఆపాలంటే నీటిని ఒకవైపే పోనిచ్చే, స్ప్రింగు ఉన్న నాన్ రిటర్న్ వాల్వు బిగించాలి. ఇక పైపు పైకి లేచి మళ్లీ వంగే చోట గాలి చేరి నీటిని అడ్డుకుంటుంది; ఆ ఎత్తైన చోట గాలి పోయే వాల్వు ఉండాలి. చలిదేశాల్లో ఏటవాలు కప్పు కింది అటక నేలమీద మందపాటి ఇన్సులేషన్ పరుస్తారు. పైపును దాని పైన కాకుండా కింద, ఇంటి వెచ్చదనం తగిలేలా వేయాలి. లేకపోతే లోపలి నీళ్లు గడ్డకడతాయి. మనకు ఆ భయం లేదు.

పైపును అర అంగుళానికి తగ్గిస్తే లోపల నిలిచే నీళ్లు సగమవుతాయి. అయితే డాబా ట్యాంకు ఒత్తిడి తక్కువ. సన్నపైపులో దూరం పోతే పై అంతస్తులో ధార దారమంత అవుతుంది. ఎక్కువ కలిసొచ్చేది దూరం తగ్గించడమే. కాజీపేటలో ఇల్లు కడుతున్న మా అన్నయ్య, నా బకెట్టు లెక్క చూశాక స్నానాలగదిని సరిగ్గా ట్యాంకు కిందికి జరిపించాడు. ఆయన పైపు పొడవు ఐదు మీటర్లు. మా ఏడు లీటర్లు మాత్రం ఇప్పటికీ రోజూ పొద్దున పెరట్లో కరివేపాకు చెట్టుకు పోతున్నాయి.