జలుబు పట్టిందా, జలుబుని పట్టానా?

అమ్మలూ, అబ్బాయిలూ,

శ్రావణం వానకి తడిసి బుజ్జికి జలుబు చేసింది. బడికి సెలవు చీటీ రాస్తూ ‘ఐ కాట్ ఎ కోల్డ్’ దగ్గర ఆగిపోయి నాకు ఫోన్ చేసింది. ‘‘తాతయ్యా, జలుబే కదా నన్ను పట్టుకుంది! నేను దాన్ని పట్టుకున్నానని ఎందుకు రాయాలి?’’

ఎంత మంచి ప్రశ్న!

‘క్యాచ్’ అనే మాట మన పులస లాంటిదర్రా. సముద్రంలో ఉన్నన్నాళ్ళూ అది విలస. వరదల్లో ఎర్రనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చిందా, పులస. చేప అదే. నీరు మారింది, రుచి మారింది, పేరూ మారింది. ‘క్యాచ్’ కూడా ఇంగ్లీషులో ఒక్కటే, తెలుగులోకి ఎక్కాక రేవుకో పేరు. చేపనైతే పట్టడం, నరసాపురంలో గోదావరి దాటించే పంటునైతే అందుకోవడం, రోగమైతే సోకడం, నిప్పయితే అంటుకోవడం. ‘ఐ డిడ్న్ట్ క్యాచ్ యువర్ నేమ్’ అంటే, మీ పేరు సరిగ్గా వినపడలేదండీ అని. జరిగిపోయినదానికి ‘కాట్’ అనాలి, ‘క్యాచ్డ్’ అని రాయకండి. ‘చేజ్’ దీని తోబుట్టువే. రెండూ లాటిన్‌లో పుట్టి, ఫ్రెంచి మీదుగా వచ్చినవి. వెంటపడటమూ పట్టుకోవడమూ ఒకే వేరున్న మాటలు కావడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

మా చిన్నప్పుడు మావయ్య కాలువలో విసురువల వేసేవాడు. తాడు మణికట్టుకి చుట్టుకుని, వలలో ఒక మడత మోచేతి మీద వేసుకుని, నడుం తిప్పి విసిరేవాడు. అంచున సీసపు గుళ్ళు లాగుతుంటే వల గాల్లోనే పళ్ళెంలా విచ్చుకుని, గుండ్రంగా నీటి మీద వాలేది. మెల్లగా లాగితే ఓసారి జెల్లలు, ఓసారి ఉత్త గుర్రపుడెక్క. దేనికీ విసుక్కునేవాడు కాదు. వలలో పడింది ఏదైనా తను పట్టిందే.

బుజ్జీ, ఇంగ్లీషులో మనిషి ఆ వల. కోరుకున్న చేపే కాదు, కోరని జలుబు పడినా తను పట్టినట్టే. మన తెలుగులో చాలాసార్లు మనం చేపలం. మనకి నిద్ర పడుతుంది, చెమట పడుతుంది, జలుబు పడుతుంది. ఇందులో ఏ భాషనీ తప్పనకండి, నవ్వకండి. రెండూ మనుషులు చూసి చెప్పుకున్నవే.

ఇక మన ‘పట్టు’ సంగతి నేను చెప్పను. రేపు పొద్దున్నుంచి నాయనమ్మ వెనకే తిరగండి. పాకం పట్టడం, పిండి పట్టించడం, గొడుగు పట్టడం, వంటకి గంట పట్టడం... రాత్రి దీపం ఆర్పేలోగా ఎన్ని దొరికాయో రాసి పంపండి.

మీ తాతయ్య