కాన్యులా: నరం దొరికితే పనైపోయినట్టేనా?

వరంగల్ వార్డుల్లో ఎండాకాలం వడదెబ్బతో, వానాకాలం డెంగీతో వచ్చేవాళ్లకు ముందు పడేది కాన్యులానే, అంటే మందులు, సెలైన్ ఎక్కించడానికి చేతి నరంలో (సిరలో) ఉంచే సన్నటి గొట్టం. నరం పట్టడం వరకు మన శిక్షణ బాగానే ఉంది. పట్టిన నరాన్ని కాపాడటం దగ్గరే లోటు.

అపోహ: "చేతిల సూది ఉంది, కదిలిస్తే గుచ్చుకుంటది."
సూది అప్పుడే బయటికొచ్చేసింది. లోపలున్నది మెత్తటి ప్లాస్టిక్ గొట్టం. ఈ మాట పేషెంటుకూ, అటెండెంటుకూ ముందే చెప్పాలి. చెప్పకపోతే చెయ్యి బిగబట్టుకుని కూర్చుంటారు.

అపోహ: ఎంత లావు కాన్యులా అయితే అంత మంచిది.
షాక్‌లో ఉన్నవాళ్లకు, రక్తం బాగా పోయినవాళ్లకు 18 గేజ్ (ఆకుపచ్చ) లేదా 16 (బూడిద) కావాలి; గేజ్ అంకె తగ్గేకొద్దీ గొట్టం లావు. మామూలు యాంటీబయాటిక్‌కు 22 (నీలం) చాలు. సన్నటి నరంలో లావు గొట్టం దూరిస్తే గోడ ఒరుసుకుని వాస్తుంది.

అపోహ: సూది వెనకుండే చాంబర్‌లో రక్తం కనబడగానే గొట్టం తోసెయ్యొచ్చు.
ఎక్కువ నరాలు పాడయ్యేది ఇక్కడే. సూది మొన గొట్టం కన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుంటుంది. రక్తం కనబడిన క్షణాన నరంలో ఉన్నది మొన మాత్రమే, గొట్టం అంచు ఇంకా గోడ బయటే ఉండొచ్చు. అప్పుడే తోస్తే అంచు గోడకు తగిలి మడతపడుతుంది, చర్మం కింద నెత్తురు ఉబ్బుతుంది. 15 నుంచి 30 డిగ్రీల కోణంలో గుచ్చండి. రక్తం కనబడగానే కోణం తగ్గించి, సూదీ గొట్టం కలిపి ఇంకో 2 మిల్లీమీటర్లు జరపండి. ఆ తర్వాతే సూదిని కదలకుండా పట్టుకుని గొట్టాన్ని జార్చండి. వెనక్కి తీసిన సూదిని మళ్లీ గొట్టంలోకి ఎక్కించొద్దు. మొన గొట్టాన్ని కోస్తే ఆ ముక్క రక్తంలో కొట్టుకుపోతుంది. రెండుసార్లు గుచ్చినా దొరకకపోతే ఇంకొకరిని పిలవండి, అందులో నామోషీ ఏం లేదు.

అపోహ: స్పిరిట్ రాసి వెంటనే గుచ్చొచ్చు.
30 సెకన్లు రుద్ది, పూర్తిగా ఆరనివ్వాలి. ఆరాక వేలితో మళ్లీ నరం వెతికితే చేసిన శుభ్రత వృథా.

అపోహ: చుక్కలు పడుతున్నాయంటే లైను బాగున్నట్టే.
నరం బయట కండలోకి పోతున్నా చుక్కలు పడతాయి. చెయ్యి పెట్టి చూడండి: చల్లగా, బిగుతుగా, ఉబ్బుగా ఉంటే ఆపేయాలి. నార్అడ్రినలిన్, కాల్షియం, పొటాషియం బయటికి కారితే కండ చచ్చిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు ఫ్లష్ చేయొద్దు (సెలైన్ తోసి కడగొద్దు), గొట్టం పీకేయొద్దు. అదే గొట్టం నుంచి సిరంజితో మందు వచ్చినంత వెనక్కి లాగి డాక్టర్‌కు చెప్పాలి.

అపోహ: మూడు రోజులకు కాన్యులా మార్చి తీరాలి.
పెద్దవాళ్లలో నొప్పి, ఎరుపు, వాపు లేకపోతే తేదీ చూసి పీకక్కర్లేదు. ప్రతి షిఫ్టులో చూడాలి, అవసరం తీరిన రోజే తీసేయాలి. 108లోనో, క్యాజువాలిటీలోనో హడావుడిగా వేసినదైతే 48 గంటల్లోపు మార్చాలి. చుట్టూ దట్టంగా ప్లాస్టర్ చుడితే ఎరుపు కనబడదు. అందుకే పారదర్శక డ్రెస్సింగ్ వేసి, తేదీ రాయండి. మే నెల చెమటకు అది ఊడిపోతుంటుంది, అంచు లేస్తే వెంటనే మార్చాలి.

అపోహ: శిక్షణకు వాడే రబ్బరు చేతి బొమ్మ మీద నేర్చుకుంటే చాలు.
రబ్బరు చేతిలో నరం జారదు, ముడుచుకోదు. ముసలివాళ్ల నరం రెండూ చేస్తుంది. చర్మాన్ని కిందికి లాగి పట్టడం సీనియర్ పక్కనుండగా, పేషెంటు దగ్గరే అలవాటు చేయించాలి. కొత్తవాళ్లను రోజూ నడుస్తున్న లైన్ల దగ్గరికి తీసుకెళ్లి, ఏది ఉంచాలో ఏది తీయాలో వాళ్లతోనే చెప్పించాలి.